వాము తేనె అని లేబుల్ వేయాలంటే ఏం చూపించాలి? (కర్నూలు రబీ పెట్టెలు)

రేగడి_పెట్టె:
సూటిగా అడుగుతా. ఆస్పరి, దేవనకొండ వైపు నల్లరేగట్లో మెల్లిఫెరా (ఇటాలియన్ తేనెటీగ) పెట్టెలు 40, వాము చేల గట్ల మీద ఉన్నాయి. ఆగస్టు చివర, సెప్టెంబరులో వేసిన వాము నవంబరులో పూతకొస్తుంది. చుట్టూ కంది, అక్కడక్కడ పొద్దుతిరుగుడు, మాగి జొన్న. డిసెంబరు వచ్చేసరికి ధనియాలు కూడా పూస్తాయి. ఇట్లాంటి చోట తీసిన తేనెను 'వాము తేనె' అని అమ్మొచ్చా? పెట్టె వాము చేలో ఉంటే చాలని కొందరంటారు. పుప్పొడి లెక్క లేకుండా ఆ మాట అనకూడదని ఇంకొందరు. కొనేవాళ్లు మాత్రం సీసా మూత తీసి వాసన చూసి తేలుస్తున్నారు. మూడింట్లో దేన్ని నమ్మాలి?

యార్డు_తూకం:
అన్నా, ఇంత దూరం ఎందుకు? కర్నూలు యార్డులో వాము బస్తా ముందు నిలబడినోడికి ఆ ఘాటు ఎట్లుంటదో ఒకరు చెప్పల్లా? తేనె నాలుక మీద వేస్తే గొంతులో ఆ ఘాటు తగలాల. తగిలితే వాము, లేకుంటే లేదు. మైక్రోస్కోపు పెట్టి కొనే గిరాకీ యాడుంది?

రాణిజాలీ:
యార్డు అన్నా, ఆ ఘాటును నమ్మినోళ్లే ముందు మోసపోయేది. మనకు తెలిసిన వాము ఘాటు గింజలోని నూనెది, అందులో ముఖ్యమైంది థైమాల్. గింజను నలిపితే వాసన ఎగదన్నేది ఆ నూనె వల్లే. మకరందం ప్రధానంగా చక్కెర నీళ్లు. పువ్వు వాసన దాంట్లోకి కొంత వస్తుంది గానీ గింజ నమిలినంత ఘాటు రాదు.

తేనె మరీ గట్టిగా కొడుతుంటే మూడు దారులు అనుమానించాల. ఒకటి, వాము గింజలు తేనెలో నానబెట్టి వడగట్టడం. రెండు, ఆయుర్వేదం కొట్లో 'వాము పువ్వు' అని అమ్మే తెల్లటి పలుకులు. పేరుకు పువ్వే గానీ అది థైమాలే. డబ్బాడు తేనెకు చిటికెడు చాలు. మూడోది ఎవరూ మోసం చేయకుండానే జరిగిపోతుంది. ఈగల ఒంటి మీద బతికే వరోవా పేనుకు థైమాల్ మందు పెడతారు కదా, పెట్టెలోని మైనం దాన్ని పీల్చుకుని తర్వాత నిదానంగా తేనెలోకి వదుల్తుంది. కిలో తేనెలో 1.1 నుంచి 1.3 మిల్లీగ్రాములు చేరితే నాలుకకు తెలిసిపోతుంది. అప్పుడు పొద్దుతిరుగుడు తేనె కూడా వాము తేనె లెక్కనే ఉంటుంది.

రంగు చూసి చెప్పేవాళ్లకూ ఇదే మాట. నల్లబడిన పాత చట్రాల్లో (ఈగలు పట్టు అల్లే చెక్క ఫ్రేముల్లో) పెట్టిన తేనె ముదురు రంగుకు తిరుగుతుంది, పువ్వు ఏదైనా సరే.

పుప్పొడి_లెక్క:
నిబంధన సంగతి చెబుతాను. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) ప్రకారం ఒకే పువ్వు తేనె అని రాయాలంటే ఆ మొక్క పుప్పొడి మొత్తం పుప్పొడిలో 45 శాతానికి తగ్గకూడదు. పెట్టె ఏ చేలో ఉందన్నది అక్కడ లెక్కలోకి రాదు. రాకపోవడానికి కారణం కూడా ఉంది. మెల్లిఫెరా 2, 3 కిలోమీటర్లు సులువుగా తిరుగుతుంది. పెట్టె నుంచి చుట్టూ 2 కిలోమీటర్ల వ్యాసార్థం తీసుకున్నా లోపల దాదాపు 3,100 ఎకరాలు, 3 కిలోమీటర్లయితే 7,000 ఎకరాలు. గట్టు పక్కన మీ వాము 20 ఎకరాలో 50 ఎకరాలో ఉంటుంది. మిగతాదంతా ఎవరి పైరు?

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్య కాదు. 10 గ్రాముల తేనెను 20 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కరిగించాలి, వేడి 40 డిగ్రీలు దాటకూడదు. సెంట్రిఫ్యూజ్‌లో 10 నిమిషాలు తిప్పితే పుప్పొడి అడుక్కు చేరుతుంది. పై నీళ్లు వంపేసి, ఆ మడ్డిని గాజు పలక మీద పరిచి కనీసం 300 రేణువులు ఎంచాలి, 500 అయితే ఇంకా నమ్మకం. పొద్దుతిరుగుడు రేణువు ముళ్ల బంతిలా ఉంటుంది, తప్పిపోయే ప్రసక్తే లేదు. జొన్నది నున్నగా, గుండ్రంగా, ఒకే రంధ్రంతో. కందిది పైన వలలాంటి గీతలతో. వాముది చిన్నది, పొడుగాటిది.

చట్రం10:
లెక్క బాగుంది గానీ ఏ లెక్క? ఒక ఉదాహరణ వేసుకోండి. 500 రేణువుల్లో వాము రకం 190, జొన్న 120, కంది 110, పొద్దుతిరుగుడు 50, చిల్లర 30. మొత్తం మీద వాము 38 శాతం. ఫెయిల్. కానీ జొన్న పువ్వులో మకరందమే లేదు, ఈగ అక్కడికి పోయేది ఒట్టి పిండి (పుప్పొడి) కోసం. తేనెలో చుక్క కూడా జొన్నది కాదు. జొన్న తీసేస్తే 380లో 190, అంటే 50 శాతం. పాస్. అదే తేనె, అదే గాజు పలక.

పుప్పొడి_లెక్క:
సరైన చోటే పట్టుకున్నారు. మకరందం ఇవ్వని మొక్కల పుప్పొడిని పక్కన పెట్టి శాతం కట్టడం తేనె పుప్పొడి పరీక్షలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతే. నిబంధనలో మాత్రం 'మొత్తం పుప్పొడి' అనే ఉంది. కాబట్టి నమూనా పంపేటప్పుడే రెండు శాతాలూ విడివిడిగా రాసిమ్మని అడగండి. మొత్తం మీద 45 దాటితే ఇక పేచీ లేదు. దాటకపోతే ఆ ముక్క లేబుల్ మీదికి ఎక్కించవద్దు, తేనె నిజంగా వాముదే అని మీకు తెలిసినా సరే.

ఇంకోటి. పిల్లగది (రాణి గుడ్లు పెట్టే కింది గది) చట్రాల నుంచి తేనె తీస్తే ఈ లెక్కంతా గాలికి పోతుంది. అక్కడ ఈగలు పిల్లల కోసం దాచుకున్న పిండి గదులు తేనె గదుల పక్కనే ఉంటాయి. తేనె తీసే మిషన్‌లో తిప్పేటప్పుడు అదంతా కలుస్తుంది. పట్టును చేత్తో పిసికి తీస్తే మరీ ఘోరం.

కళ్లం_గట్టు:
అప్పా, మీరందరూ జొన్నను పట్టుకున్నారు, అసలు దొంగను వదిలేసినారు. ధనియాలు. వాము, ధనియాలు ఒకే కుటుంబం. గొడుగు లెక్కన గుత్తి, తెల్ల పూలు, రేణువు కూడా పొడుగుదే. మామూలు మైక్రోస్కోపు కింద రెండింటినీ విడదీయడం గట్టి పని. రిపోర్టులో 'వాము రకం 60 శాతం' అని వస్తే దాంట్లో ధనియాలు ఎంతో ఎవరు చెప్పల్లా?

పోయి చేలో చూడండి. ధనియాల గుత్తిలో అంచు పూల రేకులు బయటివైపు పెద్దగా సాగుంటాయి, వాముకు అట్లా ఉండవు. కంటికి అంత తేడా, పుప్పొడిలోకి వచ్చేసరికి ఇద్దరూ కవలలే.

పుప్పొడి_లెక్క:
ఒప్పుకుంటాను. ఆ చుట్టుపక్కల చేలలో ఉన్న రెండు పైర్ల పూల నుంచే నమూనా పలకలు చేయించి, పక్కపక్కన పెట్టి కొలతలు తీస్తే కొంత తేలుతుంది. పూర్తిగా తేలాలంటే డీఎన్‌ఏ పరీక్షే. 40 పెట్టెల తేనెకు ఆ ఖర్చు పెట్టమని మాత్రం నేను చెప్పను.

చట్రం10:
డీఎన్‌ఏ ఎందుకు, క్యాలెండర్ చాలు. వాము ఆగస్టు, సెప్టెంబరులో పడుతుంది. ధనియాలు అక్టోబరు మధ్య నుంచి నవంబరు దాకా పడతాయి, పూతకు నెలన్నర పైనే కావాలి. అంటే వాము పూత మొదలయ్యాక ధనియాల మొదటి పువ్వు విచ్చేలోపు రెండు, మూడు వారాల సందు దొరుకుతుంది. తేనెగది (పిల్లగది మీద తేనె కోసం పెట్టే పై గది) పెట్టాల్సింది, దించాల్సింది ఆ సందులోనే.

వాము గుత్తుల్లో పావువంతు విచ్చుకున్నాక రాణిని పైకి రానివ్వని రాణి జాలీ వేసి, దాని మీద తేనెగది పెట్టండి. లోపల ఈగలు ఇదివరకే అల్లిన ఖాళీ చట్రాలే ఉండాలి. కంది తేనెతో సగం నిండిన చట్రం ఒక్కటి పెట్టినా ఆ గది మొత్తం పాడయినట్టే. ప్రతి చట్రం పైకర్ర మీద తేదీ రాయండి. పిల్లగదిలో పాత తేనె ఎక్కువుంటే ముందే కొంత తీసి వేరే డబ్బాలో పోయండి, ఈగల తిండికి రెండు మూడు చట్రాలు మాత్రం వదలండి. లేకుంటే రాణికి గుడ్లు పెట్టే చోటు కోసం ఈగలు కింది తేనెను మోసుకొచ్చి పైన పోస్తాయి. అది మీకు కనపడదు, పుప్పొడి పలకకు కనపడుతుంది.

చక్కెర పాకం కనీసం రెండు వారాల ముందే ఆపాలి. ఆ పాకం కూడా ఇట్లాగే పైకి ఎక్కుతుంది, సుక్రోజు 5 శాతం దాటితే వాముదా కాదా అన్న ప్రశ్నే ఉండదు, అది తేనెగానే ఫెయిల్.

దించేటప్పుడు చట్రంలో ముప్పావు వంతు గదులకు మైనం మూత పడి ఉండాలి. ధనియాలు పూసేశాయి, మూతలు పడలేదు అంటారా, చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించండి. చుక్కలు రాలితే పచ్చి తేనె. రాలకపోతే తేమ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. తేమ 20 శాతం పరిమితి, 18, 19 దగ్గర ఉంటే నిశ్చింత. 20 దాటిన తేనె సీసాలో పులుస్తుంది, నురగ వచ్చి మూత ఉబ్బుతుంది.

యార్డు_తూకం:
రెండు వారాల తేనె కోసం ఇంత తంటానా? పూత చివరి దాకా ఉంచితే ఇంకా దిగుతుంది కదా. కిలోలు పోగొట్టుకుని పేరు తెచ్చుకుంటారా?

చట్రం10:
తక్కువే దిగుతుంది, దాంట్లో దాపరికం లేదు. పైగా వాము మకరందం పువ్వు నడుమ పళ్లెంలో పెట్టినట్టు బయటకే ఉంటుంది. పొద్దున మంచుకు పలచబడుతుంది, ఎండెక్కితే ఆరిపోతుంది. ఈగకు నడుమ దొరికే గంటలే గంటలు. వాన పడిందా, ఆ రోజు కడుక్కుపోయినట్టే. కిలోలే కావాలంటే పేరు వదిలేసి చివరి దాకా ఉంచండి. అప్పుడు పొద్దుతిరుగుడు బాగా కలుస్తుంది, త్వరగా గడ్డకడుతుంది. గడ్డకట్టిందని మళ్లీ పొయ్యి మీద పెట్టొద్దు, 40, 45 డిగ్రీల నీళ్లలో సీసా నిలబెడితే కరుగుతుంది.

కళ్లం_గట్టు:
చేను గలాయన తరఫున ఒక మాట. వాములో పేనుబంకకు మందు కొడతారు, అదీ సరిగ్గా పూత మీదనే. డైమిథోయేట్, ఇమిడాక్లోప్రిడ్ పొద్దున్నే కొడితే మధ్యాహ్నానికి పెట్టెల ముందు ఈగలు కుప్ప పడుంటాయి. పెట్టె దించకముందే మందు తేదీలు మాట్లాడుకోవాల. కొట్టక తప్పకపోతే సాయంత్రం ఈగ పెట్టె చేరినాక కొట్టమనాల, అయినా మరుసటి రోజుకు కూడా మందు పూల మీదనే ఉంటాది, పెట్టెలు జరిపితేనే మేలు. వాకిలి మూసేసి కూర్చుందామనుకుంటే గాలాడే జాలీ లేకుండా మూయొద్దు, లోపలే ఉడికి సస్తాయి.

ఈగ పూత రసం పీల్చి గింజ తగ్గిస్తుందని అనేవాళ్లు ఇంకా ఉన్నారు. వాములో పరాగం ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోవాల, ఈగ లేకుంటే గింజే తగ్గుతుంది. ఆ మాట చెప్పి ఒప్పించుకోండి.

రాణిజాలీ:
నా వైపు నుంచి ఒక షరతు. వాము పేరు పెట్టే పెట్టెల్లో ఆ సీజన్ థైమాల్ మందు వద్దే వద్దు. చట్రాలు కూడా అంతకుముందు థైమాల్ తగలనివై ఉండాలి, మైనం మరిచిపోదు. తేనె తీసే మిషన్ కడిగి ఆరబెట్టండి. అయినా మొదట దిగే రెండు మూడు కిలోలు వేరే డబ్బాలో పోయండి, పోయినసారి అడుగు బొడుగు అందులోకి పోతుంది.

రేగడి_పెట్టె:
సరే, ఇట్లా చేస్తున్నా. 40లో 15 పెట్టెలకే వాము తేనెగదులు, ధనియాలు దూరంగా ఉన్న గట్టు వైపు. ధనియాల చేలో మొదటి గొడుగు విచ్చిన రోజు అన్నీ దించేస్తా. ఆ తేనెకు రిపోర్టు వచ్చేదాకా పేరు లేదు. మిగతా 25 పెట్టెలది 'కర్నూలు రబీ తేనె' అని, కింద చిన్న అక్షరాల్లో వాము, కంది, ధనియాలు, పొద్దుతిరుగుడు అని రాస్తా.

యార్డు_తూకం:
రాయండి. ఘాటు లేదని సీసా వెనక్కి తెచ్చే గిరాకీకి ఏం చెప్తారు?

రేగడి_పెట్టె:
డబ్బులు వెనక్కిస్తా, థైమాల్ మాత్రం కలపను. నమూనా పంపేటప్పుడు జొన్నతో ఒక శాతం, జొన్న తీసేసి ఒక శాతం అడుగుతా. ఆ రెండూ ఇక్కడే పెడతా.