మాఘంలో తమ్ముడి పెళ్లి, చేతిలో కాల్ ఫోను

నాటింగ్‌హామ్ నుంచి:

అందరికీ నమస్కారం. మాది వరంగల్. ఎండీ అయ్యాక ఎంటీఐ పథకం (విదేశీ వైద్యులకు బ్రిటన్‌లో శిక్షణ ఇచ్చేది) కింద రెండేళ్ల రీనల్ (కిడ్నీ వైద్యం) ఫెలోషిప్‌కు వచ్చి మూడు వారాలైంది. వచ్చే నెల నుంచి ఇంటి దగ్గర ఉండి చేసే ఆన్‌కాల్ (ఫోను వస్తే పలకాల్సిన డ్యూటీ) మొదలవుతుంది. ఎనిమిది మందిమి వంతులవారీగా చేయాలి. ఫిబ్రవరిలో తమ్ముడి పెళ్లి. చేరీ చేరగానే సెలవు అడిగితే ఏమనుకుంటారోనని భయంగా ఉంది. రాత్రంతా ఫోనుతోనే గడిచిపోతే మర్నాడు క్లినిక్‌కు వెళ్లాలా, మానుకోవచ్చా అన్నదీ తెలియడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

లీడ్స్ నుంచి:

చెల్లీ, ముందు ఆ భయం తీసేయండి. సెలవు మీ శిక్షణలో భాగమే, ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. ఎంటీఐ వీసాకు 24 నెలలే గడువు కాబట్టి ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదని మనవాళ్లు నోరు మెదపరు. నేనూ అలాగే మొదటి ఏడాది సంక్రాంతికీ వెళ్లలేదు, నాన్నగారి కంటి ఆపరేషన్‌కూ వెళ్లలేదు. ఏడాది చివరికి తొమ్మిది రోజుల సెలవు మిగిలిపోయింది. అది ఎవరికీ పనికిరాలేదు.

మీ నియామకపు కాంట్రాక్టు తీసి చదవండి. ఇంగ్లండులో శిక్షణలో ఉన్న వైద్యులకు 2016 కాంట్రాక్టు ఉంది. అందులో వారానికి సగటున 48 గంటలు, ఏ వరుస ఏడు రోజుల్లోనూ 72 గంటలకు మించని పని, కొత్తవారికి ఏడాదికి 27 రోజుల సెలవు, దానికి అదనంగా ప్రభుత్వ సెలవు దినాలు ఉంటాయి. కానీ ఆసుపత్రి నేరుగా నియమించుకున్న ఫెలోలకు అది దానంతటదే వర్తించదు. చాలాచోట్ల అదే నమూనాను పాటిస్తారు, కొన్నిచోట్ల పాటించరు. మీ కాగితంలో ఏముందో అదే లెక్క. ఏమీ స్పష్టంగా లేకపోయినా 1998 నాటి పనిగంటల చట్టం అందరికీ వర్తిస్తుంది. 48 గంటల సగటు, రోజుకు 11 గంటల విరామం, ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు ఆ చట్టం ఇచ్చినవే. చేరిన రోజు సంతకం పెట్టించుకునే కాగితాల దొంతరలో 48 గంటల పరిమితిని వదులుకునే పత్రం ఒకటి ఉంటుంది. అందులో సంతకం చేయాలన్న నిర్బంధం లేదు. చేసి ఉంటే నోటీసు ఇచ్చి వెనక్కి తీసుకోవచ్చు.

ఇక రాత్రి కాల్ సంగతి. ఆసుపత్రిలోనే ఉండి చేసే కాల్‌లో మీరు నిద్రపోయినా ఆ సమయమంతా పనికిందే లెక్క. యూరప్ న్యాయస్థానం 2000లోనూ, 2003లోనూ ఇచ్చిన తీర్పులతో అది స్థిరపడింది. ఇంటి నుంచి చేసే కాల్‌లో మాత్రం ఫోనులో మాట్లాడిన సమయం, ఆసుపత్రికి వెళ్లివచ్చిన సమయం, అక్కడ చేసిన పని మాత్రమే లెక్కకు వస్తాయి. మనం నష్టపోయేది ఇక్కడే. కాల్ రోజున రాత్రి పది నుంచి ఉదయం ఏడు లోపల వరుసగా ఐదు గంటలు, 24 గంటల్లో మొత్తం ఎనిమిది గంటలు విశ్రాంతి దొరకాలని 2016 కాంట్రాక్టు అంటుంది. ఫోను పది నిమిషాలే మోగినా, అది రెండున్నరకు మోగితే ఆ ఐదు గంటలు తెగిపోయినట్లే.

నాకు ఎదురైంది చెబుతాను. అప్పుడు వేరే ఊళ్లో ఉన్నాను. జనవరి రాత్రి రెండున్నరకు ఫోను వచ్చింది. ఒక రోగికి రక్తంలో పొటాషియం 7.1, అంటే గుండెకు ప్రమాదకరమైనంత ఎక్కువ, ఈసీజీ మారిపోతోంది. కాల్షియం ఇవ్వమని చెప్పి, డయాలిసిస్ నర్సును నిద్రలేపి, కారు అద్దం మీది మంచును బ్యాంకు కార్డుతో గీకి బయలుదేరాను. తొడ దగ్గర లైన్ (రక్తనాళంలోకి గొట్టం) వేసి, డయాలిసిస్ మొదలుపెట్టించి బయటికి వచ్చేసరికి ఆరు కావస్తోంది. ఇంటికి వచ్చి స్నానం చేసి తొమ్మిదికి మళ్లీ వార్డుకు వెళ్లాను. పదకొండు గంటలకు, ముందురోజే రక్తస్రావమైన రోగికి డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ రాశాను. నర్సు చీటీ చూసి, నా ముఖం చూసి, “డాక్టర్, ఇది కావాలనే రాశారా?” అని నెమ్మదిగా అడిగింది. ఆమె అడగకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

ఆ ఉదయం నేను చేయవలసింది ఒక్క ఫోను. “రాత్రి నిద్ర లేదు, ఇప్పుడు రోగులను చూడటం క్షేమం కాదు” అని ఏడు గంటలకే కన్సల్టెంట్‌కు (పై డాక్టరుకు) చెప్పాలి. అది బద్ధకం కాదు, రోగి పట్ల మన బాధ్యత. మీరూ అలాగే చెప్పండి. కాల్‌లో వచ్చిన ప్రతి ఫోనునూ సమయంతో సహా ఒక నోటుబుక్‌లో రాసుకోండి. మీ ఆసుపత్రి మీకు ఎక్సెప్షన్ రిపోర్ట్ (పని గంటలు మించినా, విశ్రాంతి దొరక్కపోయినా పెట్టే ఫిర్యాదు) పెట్టే వీలు కల్పించి ఉంటే తప్పకుండా పెట్టండి. పనిగంటలను పర్యవేక్షించే గార్డియన్ అనే అధికారి ఉన్నది అందుకే. రిపోర్టులు లేకపోతే ఆ రోటా (డ్యూటీల పట్టిక) బాగానే నడుస్తోందని అందరూ అనుకుంటారు.

పెళ్లి విషయానికి వస్తే, ఈ రోజే రోటా కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ రాయండి. మాట్లాడి వదిలేయకండి. మామూలుగా ఆరు వారాల ముందు అడగాలంటారు, మీరు ఇంకా ముందే అడగండి. ఇంట్లోవాళ్లను రెండు ముహూర్తాలు చూసి ఉంచమని చెప్పండి. మన పంచాంగానికీ వీళ్ల రోటాకూ పొత్తు కుదరాలంటే కాస్త వెసులుబాటు ఉండాలి.

లెస్టర్ నుంచి:

అక్క చెప్పినదానికి ఒక్క మాట చేరుస్తాను. సెలవును విశ్రాంతి రోజుల పక్కన పెట్టుకోండి. రాత్రి డ్యూటీలు సోమవారం ఉదయం ముగిసి, సోమ, మంగళవారాలు విశ్రాంతి ఉందనుకోండి. బుధవారం నుంచి శుక్రవారం దాకా మూడు రోజులు, తర్వాతి వారం ఐదు రోజులు తీసుకుంటే ఎనిమిది రోజుల సెలవుతో పద్నాలుగు రోజులు చేతికి వస్తాయి. కాల్ ఉన్న రోజున సెలవు పెట్టనివ్వరు, ఎవరితోనైనా మార్చుకోవాలి. నేను ఏటా క్రిస్మస్ కాల్ తీసుకుని బదులుగా సంక్రాంతి అడుగుతాను. చిన్నపిల్లలున్న సహోద్యోగులు ఎంత సంతోషిస్తారో చెప్పలేను.

నాటింగ్‌హామ్ నుంచి:

అక్కా, అన్నా, చాలా ధన్యవాదాలు. ఈమెయిల్ పంపాను. 48 గంటల పత్రం మీద సంతకం చేసేశానని ఇప్పుడే చూసుకున్నాను, రేపు వెనక్కి తీసుకుంటాను. పెళ్లివారం శనివారం నాకు కాల్ పడిందని జవాబు వచ్చింది. మా యూనిట్‌లో ఒకామె క్రిస్మస్ ముందురోజు కాల్ వదిలించుకోవాలని చూస్తున్నారట. రేపు భోజనాల వేళ ఆమెను అడుగుతాను.

లీడ్స్ నుంచి:

అడగండి. ఆమె సరే అన్నాక ఆ మార్పును ఇద్దరూ కలిసి కోఆర్డినేటర్‌కు రాతపూర్వకంగా పంపండి. కొత్త రోటాలో మీ పేరు తీసేశారని కంటితో చూసుకున్నాకే టికెట్టు కొనండి.