బాల్కనీలో సన్నజాజి తీగ, కుండీ ఇప్పుడు మార్చొచ్చా?

మాది కూకట్‌పల్లి, మూడో ఫ్లోర్. 12 అంగుళాల కుండీలో సన్నజాజి, గ్రిల్ అంతా అల్లుకుంది గానీ ఈసారి పూలు పిడికెడు కూడా రాలేదు, నీళ్లు పోస్తే నిలవకుండా దిగిపోతున్నాయి, కింద కన్నంలోంచి వేర్లు బయటికొచ్చేశాయి. అమ్మ ఇచ్చిన కొమ్మతో పెంచిందండీ, పోతే తట్టుకోలేను. ఏప్రిల్‌లో మార్చొచ్చా?

జవాబు: ఇప్పుడొద్దండీ, ఈ ఎండలకి వేర్లు కదిపితే తీగ వాడిపోతుంది. జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాక సాయంత్రం పూట మార్చండి. 16 అంగుళాలది చాలు, మరీ పెద్దదైతే తడి ఆరక వేర్లు కుళ్లుతాయి. ముందురోజు నీళ్లు పోసి ఉంచితే మట్టిగడ్డ విరక్కుండా వస్తుంది, చుట్టూ జడలా అల్లుకున్న వేర్లని వేళ్లతో మెల్లగా విడదీసి, బాగా ముదిరినవి కత్తిరించండి, పైన తీగ కూడా మూడో వంతు కొట్టేయండి. వారం నీడలో ఉంచాలి.

ఇంకో జవాబు: ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కాస్త ఇసుక, గుప్పెడు వేపపిండి కలపండి. ఎండ ఎన్ని గంటలు పడుతుంది? నీడైతే ఎంత ఎరువేసినా ఆకులే వస్తాయి, పూలు రావు.

తూర్పు వైపేనండీ, పదకొండింటిదాకా ఎండుంటుంది. సరే జూన్‌దాకా ఆగుతా, ఈలోపు పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోస్తా. వానల్లో కత్తిరించిన కొమ్మలు రెండు వేరే కుండీలో కూడా నాటి పెడతా.