సినిమా చూసి ఓటేశారా? ఎలా తెలుసుకోవాలి?

మాది హిందూపురం దగ్గర పల్లె. అనంతపురంలో ఎం.ఏ. చదువుతున్నాను. సినిమా, రాజకీయ భావజాలం మీద ప్రాజెక్టు తీసుకున్నాక టెన్షన్ మొదలైంది. 1938లో మాలపిల్ల అంటరానితనాన్ని, 1939లో రైతుబిడ్డ జమీందారీని సూటిగానే ప్రశ్నించాయి. అక్కడిదాకా తేలికే. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టిన దగ్గరే చిక్కు. మా తాత హిందూపురంలో ఆయనకే మూడుసార్లూ ఓటేశాడు. కృష్ణుడి వేషం చూసి వేశావా అంటే "కాదప్పా, రెండు రూపాయలకి కిలో బియ్యం చూసి" అంటాడు. కానీ ఇంట్లో ఆ కృష్ణుడి క్యాలెండర్ ఇప్పటికీ తీయనివ్వడు!

ఇలాంటప్పుడు సినిమా ప్రభావాన్ని విడిగా ఎలా పట్టుకోవాలి? పెద్దవాళ్లను ఏమని అడిగితే మనసులో మాట చెప్తారు? 1980ల నాటి సినిమా పత్రికలు కర్నూలు, కడప వైపు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? జిరాక్స్ తీసుకుని వెంటనే ఇచ్చేస్తాను.