విషయం: తొలికాన్పు జర్మనీలో – ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి?

మ్యూనిక్ నుంచి (సొంతూరు నర్సంపేట)

అక్కలకు, అన్నలకు నమస్కారం. మేం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా ఆయనది బ్లూ కార్డ్ (చదువుకున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్) మీద ఉద్యోగం, నేను జర్మన్ క్లాసులకు వెళ్తున్నా. ఇప్పుడు నాకు ఐదో నెల. మా వైపు తొలికాన్పు పుట్టింట్లోనే చేస్తారు, అందుకే అమ్మ టికెట్ తీసుకొని వచ్చెయ్యమంటోంది. మేమేమో ఇక్కడే ఉండి అమ్మను పిలిపించుకుందామని అనుకుంటున్నాం. బిడ్డను చూసుకోవడానికి మా ఆయన రెండు నెలలు లీవ్ పెడతానన్నాడు. అది వినగానే అత్తమ్మ, ‘మొగోడు ఇంట్ల కూసుండుడేంది, నౌకరి పోతే?’ అని కోపం చేసింది. అప్పట్నుంచి ఫోన్ ఎత్తాలంటేనే టెన్షన్. ఈ దశ దాటినవాళ్లు ఏమైనా చెప్పండి.

నూరెంబర్గ్ నుంచి (సొంతూరు హనుమకొండ)

చెల్లె, ఫోన్ ఎత్తడం మాత్రం మానకు. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. పెద్దవాళ్లకు చెప్తే గొడవ, చెప్పకపోతే ప్రశాంతం అనుకొని, బిడ్డ పుట్టాక ఫొటోలు పంపుతారు. వాళ్లు మారరని మనమే తీర్మానం చేసేస్తాం. అత్తమ్మల తరం ఎంత మారిందో ఒక్కసారి చూడు. వాళ్లలో చాలామంది పుట్టింది ఇంట్లో, మంత్రసాని చేతుల మీద. అప్పుడు దవాఖాన అంటే చావుబతుకుల్లో పోయే చోటు. వాళ్లే ఇప్పుడు కోడళ్లను 102 బండి ఎక్కించి సర్కారు దవాఖానకు తీసుకుపోతున్నారు. 2017లో సర్కారు దవాఖానలో కాన్పైనవాళ్లకు కేసీఆర్ కిట్ వచ్చింది, మగపిల్లాడైతే 12 వేలు, ఆడపిల్లైతే 13 వేలు ఇచ్చారు. డబ్బు ఒక్కటే మార్చలేదు. ఆశా వర్కర్ ఇంటికొచ్చి కూర్చొని మాట్లాడింది, పక్కింటి పిల్ల క్షేమంగా బిడ్డతో తిరిగొచ్చింది, అది కళ్లారా చూశారు. మన దగ్గర ఏ మార్పైనా ఇలాగే ఇంట్లోకి వచ్చింది. కాబట్టి అత్తమ్మకు వాదన వినిపించకు, జరిగేది జరిగినట్టు చూపించు. స్కాన్‌కు వెళ్లొచ్చాక ఫోన్ చెయ్యి. బాలింత గది ఎక్కడ పెడుతున్నారో వీడియోలో చూపించు. లీవ్ సంగతి నువ్వు కాదు, మీ ఆయనే తన తల్లికి చెప్పాలి. ఈ ఒక్కటి గట్టిగా చెప్తున్నా. కొడుకు నోటి నుంచి వింటే అది కొడుకు నిర్ణయం, నీ నోటి నుంచి వింటే కోడలు చేయించిన పని.

ఇక అసలు లెక్క. అమ్మకు వచ్చేది షెంజెన్ వీసా, అంటే కొద్దిరోజులు ఉండిపోయే యూరప్ వీసా. 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు. కనీసం 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. డెలివరీకి రెండు మూడు వారాల ముందు దిగినా, బిడ్డకు మూడు నెలలు నిండకముందే ఆమె వెళ్లిపోవాలి. నర్సంపేటలో అయితే అమ్మ, పిన్ని, మేనత్త, వాకిట్లోకి వచ్చే పదిమంది ఆడవాళ్లు చూసుకునే పని ఇక్కడ ఇద్దరి మీద పడుతుంది. తండ్రి లీవ్ పెట్టేది ఫ్యాషన్ కోసం కాదని అత్తమ్మకు ఈ తేదీలతోనే అర్థమవుతుంది. క్యాలెండర్ ముందు పెట్టుకొని చెప్పమను.

ఇప్పుడే హెబామెను వెతుకు, ఆలస్యం చెయ్యకు. ఇక్కడ చదువుకున్న మంత్రసాని అనుకో. కాన్పు తర్వాత మొదటి పది రోజులు అవసరమైతే రోజూ ఇంటికి వస్తుంది. ఆ తర్వాత కూడా 12 వారాల దాకా వచ్చి చూస్తుంది, ఖర్చు క్రాంకెన్‌కాస్సె (హెల్త్ ఇన్సూరెన్స్ సంస్థ) పెట్టుకుంటుంది. అయితే వాళ్లు దొరకడం కష్టం, ఐదో నెల అంటే ఇప్పటికే లేటు. కాన్పులో కూడా హెబామెలే చూస్తారంటే, ‘పెద్ద డాక్టర్ లేకుండా కాన్పేంది’ అని ఇంట్లో భయపడతారు. కరీంనగర్ సర్కారు దవాఖానలో కూడా నర్సులకు మిడ్‌వైఫ్ ట్రైనింగ్ ఇచ్చి నార్మల్ డెలివరీలు చేయించారని చెప్పు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, రాష్ట్రాలన్నింటిలోకీ ఎక్కువ. అవసరమై చేసినవి పోను, ముహూర్తం పెట్టించుకొని కోయించుకున్నవాళ్లు మనకందరికీ తెలుసు. మీ మామయ్య పంతులు దగ్గరికి పోయి టైం తెస్తే ఇక్కడ డాక్టర్లు మామూలుగా ఒప్పుకోరు. ఈ సంగతి తొమ్మిదో నెలలో కాదు, ఇప్పుడే చెప్పెయ్యి.

అమ్మ వచ్చాక చిన్న చిన్న చిక్కులు ఉంటాయి. సాంబ్రాణి పొగ వెయ్యాలంటుంది. అపార్ట్‌మెంట్ గదుల్లో పొగ అలారాలు ఉంటాయి, బిడ్డ దగ్గర పొగ వద్దని హెబామె కూడా అంటుంది. అప్పుడు ‘నీకేం తెలియదమ్మా’ అనకు. వేల మైళ్లు ఎగిరొచ్చిన మనిషి, తనకు తెలిసిన పని వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. వెల్లుల్లి కారం, పథ్యం వంట, నీకు తలస్నానం, నడికట్టు, బిడ్డను నిద్రపుచ్చడం ఆమె చేతిలో పెట్టు. హెబామె వచ్చినప్పుడు అమ్మను పక్కనే కూర్చోబెట్టి ఇద్దరి మాటలూ నువ్వే అటూ ఇటూ చెప్పు. ఇద్దరూ కలిసి బిడ్డను పట్టుకున్న తర్వాత భయం సగం పోతుంది.

పేరు సంగతి కూడా అడుగుతావు. పుట్టిన వారంలోపు ష్టాండెస్‌ఆమ్ట్‌లో (జనన నమోదు ఆఫీసు) నమోదు కావాలి. పేరు అప్పుడే తేలకపోతే నెలలోపు ఇవ్వొచ్చు. అంటే మన 21వ దినం దాకా ఆగవచ్చు, తొట్టెల్లో వేసి మేనత్తతో వీడియోలో పేరు పిలిపించుకోవచ్చు. కాకపోతే పేరు ఇచ్చేదాకా బర్త్ సర్టిఫికెట్ కాగితాలు ఆలస్యమవుతాయి. వీలైతే పేరు ముందే అనుకొని ఉండండి, పండుగ 21వ దినమే చేసుకోండి. మీ పెళ్లి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్లకు ఏ అనువాదాలు కావాలో ఇప్పుడే ఆఫీసులో అడగండి. జిల్లా పేర్లు మారాయి కదా. పాత కాగితంలో వరంగల్ రూరల్ అనీ, కొత్త దాంట్లో వరంగల్ అనీ ఉంటే కంగారు పడకు. 2016లో జిల్లాలు విడిపోయాయని, 2021లో పేర్లు మార్చారని చెప్పే ప్రభుత్వ ఉత్తర్వుల కాపీలు దగ్గర పెట్టుకో.

ష్టుట్‌గార్ట్ నుంచి (సొంతూరు జగిత్యాల దగ్గర)

అక్క చెప్పినదానికి తండ్రి వైపు నుంచి కొంచెం కలుపుతా. మా బాపు దుబాయ్‌లో పనిచేశాడు. నేను పుట్టినప్పుడు అక్కడే ఉన్నాడు, నడక నేర్చాక గానీ నన్ను చూడలేదు. మా వైపు ఇంటింటా ఇదే కథ. ఆ ఏళ్లలో బ్యాంకు, పొలం, పిల్లల ఫీజులు, మహిళా సంఘం లోన్ అన్నీ మా అవ్వే (అమ్మే) చూసింది. మగవాళ్లు ఊళ్లో లేకపోతే ఆడవాళ్లు బయటి పనులు నేర్చుకున్నారు, దానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మగవాడు ఇంటి పని నేర్చుకోవడం మాత్రం తప్పెట్లా అవుతుంది? నేను లీవ్ పెడతానన్నప్పుడు బాపు ఏమీ అనలేదు. తర్వాత ఒకరోజు, ‘నాకు ఆ రోజులు దొరకలే, నువ్వు ఉండు’ అన్నాడు. చెల్లె, మీ ఆయన్ని వాళ్ల నాన్నతో విడిగా మాట్లాడమను.

డబ్బు గురించి: ఎల్టర్న్‌గెల్ట్ (బిడ్డను చూసుకునే తల్లిదండ్రులకు సర్కారు ఇచ్చే డబ్బు) మామూలుగా 12 నెలలు, ఇద్దరూ తీసుకుంటే ఇద్దరికీ కలిపి 14 నెలలు. ఒక్కొక్కరు కనీసం రెండు నెలలు తీసుకోవాలి. చేతికొచ్చే జీతంలో దాదాపు 65 శాతం ఇస్తారు, నెలకు 1,800 యూరోలు దాటదు. నీకు ఉద్యోగం లేకపోయినా 300 వస్తుంది. ఇద్దరూ ఒకేసారి తీసుకోగలిగేది మామూలుగా ఒక్క నెలే, అదీ బిడ్డకు ఏడాది నిండేలోపు. కాబట్టి మొదటి నెల ఇద్దరూ కలిసి ఉండండి, రెండోది నువ్వు క్లాసులకు తిరిగి వెళ్లేటప్పుడు అతను పెట్టుకోవచ్చు. కానీ ఆ నెల నీ 300 ఆగుతుంది. నెలలు క్యాలెండర్ ప్రకారం కాదు, పుట్టిన తేదీ నుంచి లెక్క. లీవ్ కూడా ఆ తేదీలకే సరిపోవాలి.

మ్యూనిక్ నుంచి

అక్కా, అన్నా, చాలా ధైర్యం వచ్చింది. ఈ ఆదివారం ఆయనే అత్తమ్మకు, మామయ్యకు ఫోన్ చేస్తానన్నారు. ‘నౌకరి పోతే?’ అన్నదానికి మాత్రం ఏం చెప్పాలి?

ష్టుట్‌గార్ట్ నుంచి

ఆ లీవ్‌లో ఉండగా కంపెనీ మామూలుగా ఉద్యోగం తీసెయ్యడానికి వీల్లేదు, చట్టం ఉంది. లీవ్ మొదలయ్యే తేదీకి కనీసం ఏడు వారాల ముందు కంపెనీకి రాసి ఇవ్వాలి. రక్షణ ఎనిమిది వారాల ముందు నుంచి మొదలవుతుంది. అందుకే ఎనిమిదో వారానికీ ఏడో వారానికీ మధ్య ఇవ్వమను, అందినట్టు రాతపూర్వకంగా తీసుకోమను.