అడిగి జవాబు తీసుకునే ఫంక్షన్లకు టెస్టులు ఎలా రాస్తున్నారు?

తెల్లకాగితం:
పైథాన్‌లో నేను రాసిన ఒక ఫంక్షన్ ఫైలు చెరిపేముందు "నిజంగా చెరపాలా? అవును/కాదు" అని అడుగుతుంది. టెస్టులు నడిపే పైటెస్ట్ అనే సాధనంతో నడిపితే, జవాబు చదివే ఇన్‌పుట్ ఫంక్షన్ దగ్గరే ఓఎస్‌ఎర్రర్ వస్తోంది. ప్రతిసారీ చేత్తో టైపు చేసి చూసుకోలేక విసుగొచ్చింది.

నీలిగవ్వ:
ఆ ఎర్రర్ పైటెస్ట్ కావాలని ఇచ్చేదే. అవుట్‌పుట్‌ను పట్టి ఉంచినంతసేపు అది కీబోర్డు నుంచి చదవనివ్వదు. టెస్టు నడిచేంతసేపు ఒక ఫంక్షన్ బదులు మరొకటి పెట్టనిచ్చే మాంకీప్యాచ్‌తో ఇన్‌పుట్ స్థానంలో మీ సొంత ఫంక్షన్ పెట్టండి. ప్రశ్న వాక్యాన్ని అది ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవాలి, లేకపోతే టైప్‌ఎర్రర్ వస్తుంది. జవాబులను వరుసగా పేర్చి ఒక్కొక్కటే అందించండి. అవి అయిపోయాక కోడ్ మళ్లీ అడిగితే స్టాప్‌ఇటరేషన్ అనే ఎర్రర్ వస్తుంది. నా ప్రోగ్రాము ఒకే ప్రశ్నను రెండుసార్లు అడుగుతోందని నాకు అలాగే తెలిసింది.

రాత్రిదీపం:
నేను అడిగే పనినీ చెరిపే పనినీ విడదీశాను. అడిగే ఫంక్షన్‌ను ఆర్గ్యుమెంట్‌గా పంపితే మాంకీప్యాచ్ అవసరమే ఉండదు. తెల్లకాగితం గారూ, మీది చెరిపే ఫంక్షన్ కాబట్టి "కాదు" వైపు టెస్టులే ఎక్కువ రాయండి. ఉత్త ఎంటర్ నొక్కితే? జవాబుకు ముందూ వెనకా ఖాళీలుంటే? కంట్రోల్ డి నొక్కి, ఇక ఇన్‌పుట్ లేదని చెప్పే ఈఓఎఫ్‌ఎర్రర్ వస్తే? ప్రతిసారీ ఫైలు ఇంకా ఉందో లేదో చూడండి, తెర మీద వచ్చిన సందేశాన్ని మాత్రమే నమ్మకండి.

తెల్లకాగితం:
పాస్‌వర్డు సంగతేమిటి? ప్రోగ్రాము మామూలుగా చదివే స్టాండర్డ్ ఇన్‌పుట్‌లోకి పంపినా తీసుకోవడం లేదు.

నీలిగవ్వ:
లినక్స్, మ్యాక్‌లలో పాస్‌వర్డు అడిగే గెట్‌పాస్ ఫంక్షన్ ముందు నేరుగా టెర్మినల్‌నే తెరుస్తుంది. యూనిట్ టెస్టులో గెట్‌పాస్‌నే మార్చేయండి.

కొండవాగు:
ప్రోగ్రామును మొత్తంగా పరీక్షించాలంటే పెక్స్‌పెక్ట్ వాడండి. ప్రోగ్రాము అడిగే ప్రశ్నలకు మనిషి బదులు జవాబిచ్చే ఎక్స్‌పెక్ట్ అనే సాధనం 1990లో వచ్చింది, ఆ ఆలోచనకు ఇది పైథాన్ రూపం. సూడో టెర్మినల్ (నిజమైనదానిలా నటించే టెర్మినల్) తెరుస్తుంది కనుక ఎదురుగా మనిషే ఉన్నాడని ప్రోగ్రాము అనుకుంటుంది. అయితే మనం పంపిన జవాబు కూడా ఎకోగా అవుట్‌పుట్‌లోకి తిరిగొస్తుంది. నేను "అవును" అని పంపి, అవుట్‌పుట్‌లో "అవును" కోసమే వెతికాను. నా మాటే నాకు దొరికి, చెడిపోయిన కోడ్‌కు కూడా టెస్టు పాసైపోయింది! అది కనిపెట్టడానికి ఒక రోజంతా పట్టింది. పంక్తి చివర క్యారేజ్ రిటర్న్ అనే కంటికి కనిపించని అక్షరం కూడా చేరుతుంది, పోల్చేటప్పుడు గుర్తుంచుకోండి. జవాబు పంపేముందు స్లీప్ పెట్టి ఇన్ని సెకన్లు ఆగమనకండి, ప్రశ్న కనిపించేదాకా ఆగమని చెప్పండి. మామూలుగా అలా ఎదురుచూసే గడువు (టైమౌట్) 30 సెకన్లు, నేను 5కి తగ్గించాను.

తెల్లకాగితం:
రాత్రిదీపం గారూ, ఉత్త ఎంటర్ టెస్టు మొదట రాశాను. ఫైలు పోయింది! "కాదు" అని సరిగ్గా టైపు చేస్తే తప్ప ఏ జవాబునైనా నా కోడ్ అవుననే తీసుకుంటోంది. తాత్కాలిక ఫోల్డరులో నడిపాను కాబట్టి నష్టం లేదు. ఇప్పుడే సరిచేస్తున్నాను.