డార్క్ సోల్స్: ఇంతగా ఓడించే ఆట ఇంతమందికి ఎందుకు నచ్చుతోంది?

ప్రశ్న – ఏటిగట్టు

కొన్ని వారాలుగా డార్క్ సోల్స్ ఆడుతున్నాను. 2011లో వచ్చిన మొదటి రూపం కాదు, 2018లో విడుదలైన, మెరుగులు దిద్దిన రీమాస్టర్డ్ రూపం. ఆటలు నాకు కొత్త కాదు. చదువుకునే రోజుల నుంచీ కంప్యూటర్‌లో రోల్ ప్లేయింగ్ గేములు ఆడుతూనే ఉన్నాను. ఆ ఆటల్లో కష్టమైన చోటు వస్తే కాసేపు చిన్నచిన్న శత్రువులను కొట్టి, లెవెల్ పెంచుకుని, మంచి ఆయుధం కొనుక్కుని తిరిగి వెళితే పని జరిగిపోయేది. ఇక్కడ కూడా లెవెళ్లు ఉన్నాయి, ఆయుధాలు ఉన్నాయి, కానీ వాటిని నమ్ముకుని వెళ్లినవాడికి మర్యాద దక్కడం లేదు. అన్‌డెడ్ బర్గ్ కోటగోడ మీద ఎదురయ్యే టారస్ డీమన్ అనే పెద్ద భూతం దగ్గర ఆగిపోయాను. చనిపోయినప్పుడల్లా చివరిసారి కూర్చున్న బాన్‌ఫైర్ (ఆగి సేదతీరే మంట) దగ్గర లేస్తాను, దారిలో చంపినవాళ్లంతా మళ్లీ లేచి నిలబడి ఉంటారు, వాళ్లను చంపి సంపాదించిన సోల్స్ (లెవెల్ పెంచుకోవడానికీ, కొనుక్కోవడానికీ పనికొచ్చే ఆట సొమ్ము) నేను పడిన చోటే ఉండిపోతాయి, అక్కడికి చేరేలోపు మరోసారి చస్తే అవి కూడా దక్కవు. కాసేపు పాజ్ చేసి ఊపిరి పీల్చుకుందామన్నా వీలు లేదు.

దీన్ని ఎలా గెలవాలన్నది నా ప్రశ్న కాదు. 2021లో గోల్డెన్ జాయ్‌స్టిక్ పురస్కారాల్లో ప్రజలు ఓట్లు వేసి అన్ని కాలాల్లోనూ అత్యుత్తమమైన గేమ్‌గా దీన్నే ఎన్నుకున్నారు. అంతమందికి నచ్చడానికి అసలు కారణం ఏమిటి? పడిన కష్టాన్ని పదిమందికీ చెప్పుకోవడంలో ఉండే సరదాయేనా, ఇంకేమైనా ఉందా? ఆడి, ఆలోచించినవారు ఓపికగా చెప్పగలరని మనవి.

జవాబు – రాతిమెట్లు

ఏటిగట్టు గారూ, చెప్పుకోవడంలోని సరదా కొంత ఉన్నమాట నిజమే, కానీ దానికోసమే అయితే ఎవరూ ఈ ఆటను రెండోసారి మొదలుపెట్టరు. నా ఉద్దేశంలో ఇక్కడి ఆకర్షణ కష్టంలో లేదు, ఆ కష్టానికి కారణం ప్రతిసారీ కంటికి కనబడేలా ఉండడంలో ఉంది. కత్తి ఎత్తిన తరువాత ఆ దెబ్బ పూర్తయ్యేదాకా మీరు దాన్ని వెనక్కి తీసుకోలేరు; కొట్టినా, దొర్లినా, పరుగెత్తినా, డాలుతో ఆపినా అదే ఆకుపచ్చ గీతలోని స్టామినా ఖర్చవుతుంది; డాలు ఎత్తిపట్టుకుని ఉన్నంతసేపూ ఆ గీత నెమ్మదిగా నిండుతుంది. ఎదుటివాడూ ఇదే పద్ధతికి కట్టుబడి ఉంటాడు. వాడి గొడ్డలి పైకి లేవడానికి కొంత సమయం పడుతుంది, లేచాక కిందపడక తప్పదు, పడ్డాక మళ్లీ నిలదొక్కుకోవడానికి ఇంకొంత సమయం కావాలి. ఆ చివరి క్షణమే మీది. అందుకే చనిపోయినప్పుడు మనసులో మొదట మెదిలేది ‘ఆట నన్ను మోసం చేసింది’ అన్నమాట కాదు, ‘ఒక దెబ్బకు ఆశపడ్డాను’ అన్నమాట.

మీరు ఆగిన చోటినే తీసుకుందాం. టారస్ డీమన్ ఉన్న గోడ సన్నగా ఉంటుంది, మనిషి పక్కకు తప్పుకోవడానికి చోటు చాలదు. మీరు ఆ గోడ మీదికి వచ్చిన చోటే, వెనకవైపు, ఒక నిచ్చెన, దాని పైన చిన్న బురుజు, ఆ బురుజు మీద అంబులతో ఇద్దరు సైనికులు ఉంటారు. ముందు వాళ్లిద్దరినీ ముగించి, తరువాత నడిచి వెళ్లి డీమన్‌ను మేల్కొలిపి, మళ్లీ వెనక్కి పరుగెత్తి నిచ్చెన ఎక్కి, దాని నెత్తిన కత్తితో దూకవచ్చు. ఒక్క దూకుతోనే దాని ప్రాణంలో పెద్ద భాగం తరిగిపోతుంది. ఈ ఉపాయం మీకు ఎవరూ చెప్పలేదని అనుకోవచ్చు గానీ, మీరు దీన్ని ముందే నేర్చుకున్నారు. ఆట మొదట్లో అన్‌డెడ్ అసైలమ్‌లో విరిగిన కత్తి పిడి ఒక్కటే చేతిలో పెట్టి ఒక పెద్ద భూతం ముందు నిలబెడతారు. అక్కడ పోరాడి చచ్చేవాళ్లు కొందరు, పక్కనున్న చిన్న తలుపు చూసి పారిపోయేవాళ్లు కొందరు. సరైన ఆయుధం దొరికాక తిరిగి వచ్చినప్పుడు, పై అంతస్తు నుంచి అదే భూతం మీద దూకే అవకాశం మీకే ఇస్తారు. చుట్టూ చూడు, తొందరపడకు, పారిపోవడం కూడా ఒక దారే అన్న మూడు సంగతులూ పెద్దగా ఏమీ చదివించకుండా అక్కడే నేర్పేశారు. టారస్ డీమన్ దగ్గర జరిగేది ఆ పాఠం అప్పజెప్పించుకోవడమే.

మామూలు రోల్ ప్లేయింగ్ గేముల్లో పెరిగేది మన పాత్ర. మనం మాత్రం మొదటి రోజు ఎలా ఉన్నామో చివరి రోజూ అలాగే ఉంటాం. ఇక్కడ పాత్ర బలం కొంత పెరుగుతుంది, కానీ ఎక్కువ పెరిగేది ఆడుతున్న మనిషి. చస్తే సోల్స్ పోతాయి, తెలుసుకున్నది పోదు. కొత్త పాత్రతో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, ఒకప్పుడు రోజుల తరబడి ఆపేసిన వీధిని ఒక్క దెబ్బ తినకుండా దాటిపోతుంటే ఆ తేడా ఎంతో అప్పుడు తెలుస్తుంది. పాత్ర లెవెల్ మాత్రం రెండుసార్లూ ఒకటే.

జవాబు – నీలిదీపం

పై జవాబులో పోరాటం గురించి చెప్పినదంతా ఒప్పుకుంటాను, కానీ నన్ను ఇందులోకి లాగింది పోరాటం కాదు, లోర్డ్రాన్ అన్న ఆ చోటు. ఏటిగట్టు గారు మరికొంత ముందుకు వెళితే అన్‌డెడ్ పారిష్‌లోని చర్చి వస్తుంది. అక్కడొక లిఫ్ట్ ఉంది. దూరాభారం వచ్చేశాం, ప్రాణం నింపే ఎస్టస్ ఫ్లాస్క్‌లో ఒక్క గుక్క మిగిలింది, ఈసారి చస్తే మళ్లీ ఎంత నడవాలో అన్న దిగులుతో అది ఎక్కి దిగితే, ఎదురుగా ఉండేది ఆట మొదట్లో మీరు బయలుదేరిన ఫైర్‌లింక్ ష్రైన్. ఎంతో దూరమనుకున్నది పక్క గోడే! ఆ నిమిషంలో కలిగే ఆశ్చర్యానికి సాటివచ్చేది ఆటల్లో నాకు ఇంకోటి దొరకలేదు. ఆటలో సగం దూరం వెళ్లి, అనోర్ లోండో నగరంలో లార్డ్‌వెసెల్ అనే గిన్నె అందేవరకు ఒక బాన్‌ఫైర్ నుంచి మరొక బాన్‌ఫైర్‌కు ఎగిరిపోయే వీలు లేకపోవడం వల్లే ఇది సాధ్యమైంది. నడిచి, చచ్చి, మళ్లీ నడిచిన కారణంగానే ఆ ఊళ్ల సందుగొందులు పటం లేకుండా మనకు నోటికి వచ్చేస్తాయి. శత్రువులు తేలికగా చచ్చిపోయేవాళ్లయితే ఆ లిఫ్ట్ ఉత్త లిఫ్టే అయ్యేది.

కథ సంగతి కూడా చెప్పాలి. తొలి అగ్ని ఆరిపోతున్న లోకం అది. దాన్ని ఆరనివ్వకూడదని దేవతలే భయపడుతున్నారు. శాపం తగిలినవాళ్లకు చావు రాదు, కానీ పట్టుదల పోయిననాడు మతి తప్పి ‘హాలో’లుగా తిరుగుతారు. మీరు బర్గ్‌లో చంపుతున్నవాళ్లందరూ అలా ఆశ వదులుకున్నవాళ్లే. అంటే చచ్చి లేచి మళ్లీ ప్రయత్నించడం అన్నది ఇక్కడ ఆట నియమం మాత్రమే కాదు, కథ కూడా అదే. మొదటి నుంచీ చివరిదాకా సులువుగా సాగిపోయే మనిషికి ఈ కథ వినబడదు. దర్శకుడు హిదెతాకా మియజాకి చిన్నతనంలో తనకు పూర్తిగా అర్థంకాని ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాలను చదువుతూ, తెలియని భాగాలను ఊహతో నింపుకునేవాడినని చెప్పుకున్నారు. ఈ ఆటలో కథను వస్తువుల వర్ణనల్లో, శిథిలాల్లో, ఎవరో సగం చెప్పి ఆపేసిన మాటల్లో చల్లివదిలేయడం వెనక ఆ అలవాటే ఉందనిపిస్తుంది. తరువాత వచ్చిన ఆర్టోరియస్ ఆఫ్ ది అబిస్ అనే అదనపు భాగాన్ని (డిఎల్‌సి) ముందే ఆడి, ఆ తరువాత సిఫ్ అనే పెద్ద తోడేలు దగ్గరికి వెళ్లండి. అది మిమ్మల్ని గుర్తుపడుతుంది. గుర్తుపట్టి కూడా పోరాడుతుంది. ప్రాణం తగ్గేకొద్దీ కుంటుతుంది. నాకు ఆ పోరాటం తేలిక, అయినా దాన్ని గెలవాలనిపించదు.

జవాబు – చేదునిజం

ఇక్కడ అందరూ భక్తులే కనబడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఒకరు చెప్పడం మంచిది. నేను ఈ ఆటను పూర్తి చేశాను, ఇష్టపడ్డాను, కానీ ‘కష్టమంతా న్యాయమైన కష్టమే’ అన్న మాట ఒప్పుకోను. మొదట వచ్చిన పిఎస్3, ఎక్స్‌బాక్స్ 360 రూపాల్లో బ్లైట్‌టౌన్‌కు వెళితే ఫ్రేమ్‌రేట్ పడిపోయి బొమ్మ నత్తనడక నడిచేది. విషపు చిత్తడి మీద, చెక్క పలకల మీద ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడిచే చోట అలా జరగడం పరీక్ష కాదు, లోపం. లాస్ట్ ఇజాలిత్‌లోని బెడ్ ఆఫ్ కేయాస్ అనే బాస్ (పెద్ద శత్రువు) దగ్గర నేల కూలిపోయి గోతిలో పడడం ముందుగా చూసి తప్పించుకునేది కాదు, పడి తెలుసుకునేది. అక్కడ ఒక వైపు పగలగొట్టి చనిపోతే, తిరిగి వచ్చేసరికి ఆ వైపు పగిలే ఉంటుంది. మరే బాస్‌కూ లేని ఈ సడలింపు ఇక్కడ పెట్టారంటే, ఈ పోరాటం మిగతావాటిలా కుదరలేదని తయారుచేసినవారికీ తెలిసే ఉంటుందని నా అనుమానం. లెవెల్ పెంచేటప్పుడు కనిపించే రెసిస్టెన్స్ అనే గుణంలో పెట్టిన సోల్స్ దాదాపు దండగ. ఆ సంగతి ఆటలో ఎక్కడా చెప్పరు. డెప్త్స్‌లో శాపం తగిలితే ప్రాణం గీత సగానికి పడిపోతుంది, దానికి మందు ఎక్కడ దొరుకుతుందో కొత్తవాడికి తెలిసే మార్గం దాదాపు లేదు.

అనోర్ లోండోలో సన్నని అంచు మీద నడుస్తుంటే రెండు వైపుల నుంచీ పెద్ద బాణాలు వేసే వెండి కవచాల యోధుల గురించి నాకు ఈరోజుకీ ఒక అభిప్రాయానికి రావడం చేతకాలేదు. గొప్ప చోటు అని చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు దండం. కానీ దాని తరువాత వచ్చే ఓర్న్‌స్టైన్, స్మోల జంట మాత్రం నిజంగా గొప్పది. ఒకడు చురుకైన ఈటెవాడు, ఒకడు బరువైన సుత్తివాడు. ఇద్దరినీ ఒకే చూపులో ఉంచుకోవాలి, స్తంభాలను అడ్డం పెట్టుకోవాలి, ముందు ఎవరిని చంపాలో కూడా నిర్ణయించుకోవాలి, ఎందుకంటే మిగిలినవాడు చచ్చినవాడి శక్తిని తీసుకుని నిండు ప్రాణంతో మళ్లీ మొదలుపెడతాడు. కష్టం అంటే ఇలా ఉండాలి. ఈ రెండు రకాల కష్టాలనూ కలిపి పొగడ్డం వల్లే కొత్తగా వచ్చినవాళ్లకు ఈ ఆట మీద చిరాకు పుడుతోందని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారి మాట – ఏటిగట్టు

అందరికీ ధన్యవాదాలు. బురుజు ఉపాయంతో టారస్ డీమన్‌ను దాటాను. సంతోషం కన్నా ముందు కలిగింది ‘ఇంతేనా’ అన్న భావం. అప్పటిదాకా కొండలా కనబడ్డ పని ఒక్కసారి కుదిరాక నిమిషాల్లో అయిపోయింది. రాతిమెట్లు గారు చెప్పిన మాట ఇప్పుడు కొంత అర్థమవుతోంది గానీ, చేదునిజం గారి మాటే నాకు ఎక్కువ ధైర్యాన్నిచ్చింది. గోడ దాటాక సోలేర్ అనే సూర్యభక్తుడు కనబడి, ఇతరులకు తోడు వెళ్లడానికి ఉపయోగపడే తెల్లని సోప్‌స్టోన్ ఒకటి ఇచ్చాడు. అలాగే మనమూ ఇతరులను తోడు పిలుచుకోవచ్చని చదివాను. మరి తోడు తెచ్చుకుని గెలిస్తే, మీరు చెప్పిన ఆ నేర్చుకోవడం అంతా ఏమవుతుంది? అది తప్పుదారి కాదా?

జవాబు – వానాకాలం

కాదండి. తోడు పిలవడం ఆటకు బయటినుంచి అతికించిన సౌకర్యం కాదు, పుట్టుకలోనే ఉన్న ఆలోచన. దీనికి ముందు మియజాకి దర్శకత్వంలో 2009లో వచ్చిన డీమన్స్ సోల్స్ రోజుల్లో ఈ ఆలోచన ఎలా వచ్చిందో ఆయన ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. హఠాత్తుగా మంచు కురిసిన రోజున, ఎక్కుదారిలో కార్లు జారి ఆగిపోతే, వెనకున్న కారు ముందున్న కారును తోస్తూ పైకి చేర్చింది. ఆయన కారు కూడా అలాగే ఎక్కింది. ఆగి కృతజ్ఞత చెబితే మళ్లీ కూరుకుపోతానని ఆగలేకపోయారు. వరసలో చివరివాడు ఇల్లు చేరాడో లేదో ఆయనకు తెలియదు. పేరు తెలియని మనిషి వచ్చి సాయం చేసి, మాట్లాడకుండా మాయమైపోయే ఆ పద్ధతే ఈ ఆటలో ఉంది. నేల మీద నారింజ రంగులో వెలిగే రాతలను చూడండి. ఆట ఇచ్చిన పదాలతోనే కూర్చాలి కాబట్టి ఎవరూ విడమరచి చెప్పలేరు, అయినా ‘ముందు జాగ్రత్త’ అని ఎవరో తెలియని మనిషి మీకోసం రాసిపెట్టాడు. కొన్నిసార్లు కొండ అంచున నిలబెట్టి ‘దూకి చూడు’ అని రాసేవాళ్లూ ఉంటారు, వాళ్లను నమ్మకండి. ఎర్రటి రక్తపు మరకను తాకితే ఇంకొకరు ఎలా చచ్చారో వాళ్ల చివరి క్షణాలు కనబడతాయి. ఒంటరితనం ఇంత చిక్కగా ఉన్న ఆటలో ఇవి లేకపోతే నేను బ్లైట్‌టౌన్ దాటేవాడిని కాను.

పైగా తోడుకు ఖరీదు ఉంది. బాన్‌ఫైర్ దగ్గర హ్యూమానిటీ అనే వస్తువును ఒకటి ఖర్చు చేసి మనిషి రూపంలోకి వస్తేనే, తోడు రావడానికి ఇతరులు నేల మీద వదిలిన గుర్తులు కనబడతాయి. అదే రూపంలో ఉన్నప్పుడు మిమ్మల్ని చంపడానికి వేరే ఆటగాళ్లు మీ లోకంలోకి చొరబడగలరు. ఈ ఆటను చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ సంస్థే 2019లో తెచ్చిన సెకిరోలో ఈ తోడు లేదు, నా మటుకు అది ఇంతకన్నా కఠినం. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్‌లో పిలుచుకోదగ్గ ఆత్మలు, గుర్రం, కష్టమైతే వదిలేసి ఇంకోవైపు పోవడానికి విశాలమైన నేల, అన్నీ ఇచ్చారు. తొలి ఏడాదికే దాని ప్రతులు 2 కోట్లు అమ్ముడయ్యాయి. కష్టాన్ని తగ్గించకుండా దారులు పెంచితే ఎక్కువమంది వస్తారని దానివల్ల తెలిసింది. ఇక్కడ సులభ స్థాయి పెట్టాలా వద్దా అన్న వాదన మొదలుపెట్టదలచుకోలేదు. అది వేరే చర్చలో చాలాకాలంగా నడుస్తూనే ఉంది.

మీకు పనికివచ్చే మాట ఒకటి. చర్చి కప్పు మీద మీకు తరువాత ఎదురయ్యేవి బెల్ గార్గాయిల్స్. మొదటిదాని ప్రాణం సగానికి వచ్చేసరికి రెండోది దిగుతుంది, రెండూ నిప్పు ఊదుతాయి. పొగమంచు తలుపుకు ముందే మనిషి రూపంలో ఉంటే సోలేర్ గుర్తు కనబడుతుంది. అతను ఆటలోని పాత్రే కాబట్టి ఆన్‌లైన్ లేకున్నా వస్తాడు. తోక కోయగలిగితే గొడ్డలి ఒకటి దొరుకుతుంది గానీ, మొదటిసారికి దాని జోలికి పోకుండా, అతను ఒకదాన్ని తనవైపు తిప్పుకుని ఉండగా మీరు రెండోదాని సంగతి చూసుకోండి.