తాతయ్య నేవీలో కుక్‌గా చేశారు. ఆ సర్వీసు వివరాలు ఎలా సంపాదించాలి?

గాజువాక కుర్రాడు

అందరికీ నమస్తే. మా తాతయ్య (అమ్మ వాళ్ల నాన్న) ఇండియన్ నేవీలో చేసి 1980ల్లో రిటైరయ్యారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఎవరైనా అడిగితే మా ఇంట్లో "నేవీలో చేశారు" అనేసి ఊరుకుంటారు తప్ప కుక్ అని ఎవరూ నోరు విప్పరు. మావయ్యయితే "వంటే కదరా, అదేమైనా యుద్ధమా?" అంటాడు. మొన్న అమ్మమ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున బిస్కెట్ల డబ్బా, అందులో పతకాలు. ఒకటి నక్షత్రంలా ఉంది, మిగతావి గుండ్రంగా. నల్లబడిపోయాయి. డిసెంబరు 4 నేవీ డే లోపు వాటిని ఆయన ఫోటోతో కలిపి ఫ్రేము కట్టించాలనుంది. ఏది దేనికిచ్చారో, ఆయన ఏ ఓడల మీద చేశారో తెలుసుకునే దారేమైనా ఉందా? నల్లదనం పోవాలంటే చింతపండుతో తోమితే సరిపోతుందా?

పాత నావికుడు

తోమకు బాబూ! చింతపండూ వద్దు, బ్రాసో పాలిష్ అసలే వద్దు. గుండ్రటి వాటి అంచు మీద, స్టార్‌కైతే వెనకవైపు, నంబరూ పేరూ చెక్కి ఉంటాయి. తోమితే అరిగిపోయేవి అవే. మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, ఫోన్ టార్చి పక్క నుంచి పడేలా పట్టుకుని చూడు, అక్షరాలు కనిపిస్తాయి. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే.

1971 యుద్ధానికి రెండు స్టార్లున్నాయి. తూర్పు వైపు పనిచేసిన వాళ్లకి పూర్వీ స్టార్, పడమటి వైపు వాళ్లకి పశ్చిమీ స్టార్. 1965 వాళ్లకైతే సమర్ సేవా స్టార్. గుండ్రటివాటిలో సంగ్రామ్ మెడల్, పాతికేళ్ల స్వాతంత్ర్యోత్సవం మెడల్, సర్వీసు ఏళ్లకిచ్చేవి ఉండొచ్చు. ఎవరినీ అడగక్కర్లేదు, పేర్లు వాటి మీదే రాసి ఉంటాయి.

ఇక మీ మావయ్య మాట. ఓడలో ముందు వరస, వెనక వరస అని ఉండవు. 1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీ మునిగినప్పుడు 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు పోయారు. దాని కెప్టెన్ ముల్లా పేరు దేశమంతా ఎరుగును. తగిలిన టార్పెడో మాత్రం ఇది ఓడ నడిపే బ్రిడ్జి, ఇది వంటగది అని చూసుకుని తగల్లేదు.

యాక్షన్ స్టేషన్స్ అలారం, అంటే పోరుకి సిద్ధం కమ్మనేది, మోగిందంటే కుక్ గరిటె అక్కడే పడేసి పరిగెత్తాలి. ఫైర్ పార్టీయో, ఫస్ట్ ఎయిడ్ పార్టీయో, తుపాకులకి మందుగుండు అందించే చోటో, ఎక్కడ వేస్తే అక్కడ నిలబడాలి. అది అయ్యాక మళ్లీ వచ్చి ఓడ మొత్తానికీ వండి పెట్టాలి.

నేను కమ్యూనికేషన్ బ్రాంచి. జూలైలో అరేబియా సముద్రంలో గ్యాలీ (ఓడలో వంటగది) ఎలా ఉంటుందో చూసినవాణ్ని. గిన్నెలు జారిపోకుండా పొయ్యి మీద చుట్టూ ఇనప కడ్డీలు బిగిస్తారు. ఏ గిన్నే సగానికి మించి నింపరు. ఓడ ఒరిగిన వైపు పప్పు గిన్నె అంచు దాకా వస్తుంది, ఇటు తిరగ్గానే అటు పోతుంది. కుక్ ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో కలుపుతూ, మధ్యలో పక్కనున్న బకెట్‌లో వాంతి చేసుకుని మళ్లీ కలిపేవాడు. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా మిడిల్ వాచ్ చేసి దిగేసరికి ఆ మనిషే టీ కాచి ఉంచేవాడు. తెల్లారి నాలుగింటికి ఇంకెవరు లేస్తారు!

ఉప్పుగాలి

మావారు ఇంజిన్ రూమ్‌లో చేసేవారు. నౌసేనా బాగ్ క్వార్టర్స్‌లో మా వరసలో ఒక కుక్ గారి కుటుంబం ఉండేది. ఆయన ఇంటికొచ్చాడంటే పొయ్యి దగ్గరికి కూడా పోయేవాడు కాదు, భార్య ఏం పెడితే అది మాట్లాడకుండా తినేవాడు. మేమంతా ఆవిణ్ని ఆటపట్టించేవాళ్లం.

గాజువాక బాబూ, ముందు మీ అమ్మమ్మ గారి దగ్గర పాత ఉత్తరాలున్నాయేమో అడుగు. మేం ఉత్తరం రాస్తే కవరు మీద పేరు, నంబరు, ఓడ పేరు రాసి కింద "కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్" అని పెట్టేవాళ్లం. ఓడ ఎక్కడుందో మాకు తెలిసేది కాదు, తెలియనిచ్చేవాళ్లూ కాదు. ఒక్కోసారి పాత ఉత్తరాలు నాలుగైదు ఒకేసారి వచ్చి పడేవి. పిల్లాడికి జ్వరమని ఒకదాన్లో రాస్తే, తగ్గిందన్న ఉత్తరం ఆయన ముందు చదివేవారు! అలాంటి కవర్లు వరసగా పేర్చుకుంటే ఏ ఏడాది ఏ ఓడో అదే తేలిపోతుంది.

బీచ్‌రోడ్ వాకర్

నేవీ డే అంటే గుర్తొచ్చింది. ఆర్కే బీచ్‌లో సాయంత్రం హెలికాప్టర్లు, మార్కోస్ (నేవీ కమాండోలు) విన్యాసాలు ఉంటే ఇసక వేస్తే రాలనంత జనం. 71 యుద్ధం గుర్తుగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర పూలగుచ్ఛాలు పెట్టేటప్పుడు వాకింగ్‌కి వచ్చిన మాలాంటి వాళ్లే. తాతగారి కోసం ఏదైనా చేద్దామంటే అప్పుడు రా తమ్ముడూ.

ఆ దగ్గర్లోనే కుర్సురా ఉంది. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరయిన సబ్‌మెరైన్. లోపల చూపించేది రిటైర్డ్ నేవీ వాళ్లే. మీ మావయ్యని తీసుకెళ్లి ఆ చిన్న వంటగది ముందు ఓ ఐదు నిమిషాలు నిలబెట్టు. దాదాపు డెబ్భై అయిదు మందికి అక్కడ్నుంచే వండి పెట్టేవారు.

తేదీల పిచ్చి

వంట చిన్న విషయం అనేవాళ్లకి 1946 గుర్తు చేయండి. ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నేవీ సిగ్నల్ స్కూల్లో రేటింగులు (మామూలు నావికులు) సమ్మెకి దిగింది నోట పెట్టుకోలేని తిండితో విసిగిపోయి. తెల్ల ఆఫీసర్ల బూతులు వేరే ఉన్నాయనుకోండి. అది రోజుల్లో కరాచీ దాకా పాకింది. తిండి బాగోకపోతే నేవీ ఏమవుతుందో బ్రిటిషు వాళ్లకి అప్పుడు తెలిసొచ్చింది.

పాత నావికుడు

బాగా చెప్పారు. రికార్డుల సంగతి రాయలేదు, ఇప్పుడు రాస్తున్నా. సెయిలర్ల సర్వీసు రికార్డులు చూసేది ముంబయి మాన్‌ఖుర్ద్, చీతా క్యాంపులోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్. నంబరు, ర్యాంకు, పేరు, మీకు ఆయన ఏమవుతారు అన్నది రాసి, పీపీవో (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) కాపీ జతచేసి పంపాలి. అమ్మమ్మ గారు ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటుంటే పీపీవో ఆవిడ దగ్గరే ఉంటుంది. మనవడి పేరు మీద కన్నా ఆవిడ సంతకంతో రాస్తే మేలు. డ్రాఫ్టు రాయడం రాకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో చెప్తారు. వెంటనే జవాబు రాదు, ఓపిక పట్టు.

గాజువాక కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్ అండి. టార్చి వేసి చూశా. నక్షత్రం పూర్వీ స్టార్! వెనక నంబరు స్పష్టంగా ఉంది, పేరులో చివరి రెండక్షరాలు పోయాయి. ఇంకొకటి సంగ్రామ్ మెడల్.

ఉత్తరాలు మాత్రం లేవు. ఇల్లు మారినప్పుడు "ఎవరు చదువుతారులే" అని అమ్మమ్మే కాల్చేసిందట. కానీ ఓడ పేరు అడిగితే ఠక్కున "కమోర్తా" అంది. యుద్ధమప్పుడు దాని మీదే ఉన్నారట. మావయ్య అంతా విని "సరేలే, ఫ్రేముకి ఎంతవుతుంది?" అన్నాడు. మా ఇంట్లో అదే ఎక్కువ.

పాత నావికుడు

కమోర్తా, కవరత్తి రెండూ రష్యా నుంచి తెచ్చిన పెట్యా క్లాసు ఓడలు. 71లో విమాన వాహక నౌక విక్రాంత్‌తో పాటు బంగాళాఖాతంలో తిరిగాయి. విక్రాంత్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేసింది అప్పుడే. పూర్వీ స్టార్‌కి ఆ పేరు సరిపోతోంది.

అయినా ఫ్రేము మీద ఓడ పేరు ఇప్పుడే రాయించకు. అమ్మమ్మ గారి జ్ఞాపకాన్ని తప్పు పట్టడం లేదు. కాకపోతే ఆ నెలల్లో ఆయన ఆ ఓడ మీదే ఉన్నారని కాగితం రావాలి. ప్రస్తుతానికి పేరు, నంబరు, కుక్ అని రాయించు. కుక్ అన్నది మాత్రం పెద్దక్షరాల్లో ఉండాలి. ఓడ పేరుకి కింద ఖాళీ వదిలెయ్.

ఉప్పుగాలి

ఈలోపు అమ్మమ్మ గారిని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేసుకో బాబూ. యుద్ధం గురించి అడగకు, నాలుగు మాటల్లో తేల్చేస్తారు. సెలవు మీద వచ్చినప్పుడు ఏం తెచ్చేవారు, ఎవరు చదివి పెట్టేవారు ఆ ఉత్తరాలు, బ్లాకౌట్‌లో కిటికీలకి ఏం కట్టారు, ఇలాంటివి అడుగు. మిగతావి వాటంతట అవే వస్తాయి.

కళింగ రేవు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పెదనాన్న మర్చంట్ నేవీలో చేశారు. ఆయనకీ ఆ మాన్‌ఖుర్ద్ అడ్రసుకే రాయాలా?

పాత నావికుడు

కాదండి, అది కార్గో ఓడల ఉద్యోగం, దానికీ డిఫెన్స్‌కీ సంబంధం లేదు. ఆయన సీడీసీ పుస్తకం, అంటే ఓడ ఉద్యోగుల సర్వీసు పుస్తకం, ఇంట్లో ఉందేమో వెతకండి. ఎక్కిన ఓడ, ఎక్కిన తేదీ, దిగిన తేదీ అన్నీ ముద్రలతో అందులోనే ఉంటాయి. దొరికితే వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చూద్దాం.